చంపినవాడు కనబడని మాటలు

1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. మంప దగ్గర పట్టుకుని తీసుకొచ్చి, చెట్టుకు కట్టి కాల్చారని మన్యం ఇప్పటికీ చెప్పుకుంటుంది. సర్కారు కాగితం మాత్రం ‘తప్పించుకోబోతుంటే కాల్చాం’ అని రాసుకుంది. నూరేళ్లు దాటాక, 2025 నవంబరు 18న, ఆ రాజు పేరే పెట్టుకున్న జిల్లాలో, మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మాతో సహా ఆరుగురు చనిపోయారు. ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు. పట్టుకుని చంపేశారని మావోయిస్టు పార్టీ, హక్కుల సంఘాలు అన్నాయి. ఆ ఇద్దరి జీవితాలనూ, వాళ్లు ఎంచుకున్న దారులనూ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. నేను చూస్తున్నది చావు తర్వాత మొదలైన మాటల తగాదాను. ఆ తగాదా మాత్రం ఒకటే.

రాజకీయం కోసం, రాజకీయం వల్ల, రాజకీయం చేతిలో జరిగే చావులకు తెలుగులో మాటల కొరత లేదు. హత్య, ఖూనీ, వధ, హతం, ఊచకోత, నరమేధం, మారణహోమం, ఎన్‌కౌంటర్, ఖతం, బలిదానం, ప్రాణత్యాగం, వీరమరణం. వీటి అర్థాలు మన కళ్ల ముందే సాగుతూ వచ్చాయి. కొన్ని మాటలు నిజంగా జరిగిన హత్యను హత్య కాకుండా చేసేటంత వదులయ్యాయి. ఇంకొన్ని, ఎవరూ కత్తి పట్టని చోటికి కూడా హత్యను మోసుకెళ్లేటంత సాగాయి. అర్థం విస్తరించడం తప్పు కాదు, బతికున్న భాష చేసే పనే అది. కానీ ప్రతి విస్తరణనూ ఒక ప్రశ్న అడగాలి: ఈ మాట చంపినవాణ్ని చూపిస్తోందా, దాచేస్తోందా? ఈ ప్రశ్నను విశాఖపట్నం, దాని వెనకున్న మన్యం, దాని ముందున్న ఫ్యాక్టరీలు మూడూ అడిగిస్తాయి. అందుకే ఈ సమీక్షకు ఈ ఊరు సరిపోతుంది.

పాత మాటలతో మొదలుపెడదాం. మన పురాణ భాషలో చంపడానికి మెట్లున్నాయి. కీచకుడిది వధ, శిశుపాలుడిది వధ, నరకాసురుడిది సంహారం. చచ్చినవాడు చావదగినవాడని ఆ మాటలోనే తీర్పు ఉంది. హత్య అలా కాదు, అది పాపం. బ్రహ్మహత్య, గోహత్య, శిశుహత్య: ఈ సమాసాలన్నింటిలోనూ ముందు వచ్చేది చనిపోయినవారి పేరు. ఎవరిని చంపితే ఎంత పాపమో చెప్పడమే ఆ మాటల పని. ఆధునిక సమాసాల వరస వేరు. రాజకీయ హత్య, పరువు హత్య, ప్రభుత్వ హత్య, సంస్థాగత హత్య. వీటిలో ముందు నిలబడ్డది చనిపోయినవారు కాదు, చంపిన కారణం, లేదా చంపిన చెయ్యి. పాపం భాష నుంచి నేరం భాషకు మనం దాటిన గుర్తు ఇది. చాలా మంచి దాటడం అని నా అభిప్రాయం.

అయితే పాత మెట్లు పోలేదు. రాజకీయ కారణంతో చంపిన ప్రతివాడూ తన పనిని హత్య మెట్టు మీంచి వధ మెట్టు మీదికి ఎక్కించాలనే చూస్తాడు. 1948 జనవరి 30న గాంధీని చంపినదాన్ని మరాఠీలో కొందరు ‘గాంధీవధ’ అన్నది అందుకే. తెలుగు ఆ మాటను తీసుకోలేదు. మనకు గాంధీ హత్యే. ఇంగ్లిష్‌లో ప్రముఖుల రాజకీయ హత్యకు ‘అసాసినేషన్’ అని ప్రత్యేకంగా ఒక మాట ఉంది. మనకు లేదు. మంత్రిని చంపినా, మట్టి పనికి పోయే మనిషిని చంపినా హత్యే. ఈ లేమి నాకు లోటుగా ఎప్పుడూ తోచలేదు.

ఇక మన కాలపు అసలు మాట ఎన్‌కౌంటర్. ఇంగ్లిష్‌లో దానికి ఎదురుపడటమని అర్థం. తెలుగు పాఠకుడి నాలుక మీద అది గట్టిగా కుదురుకున్నది శ్రీకాకుళ గిరిజన పోరాట కాలంలో. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. 1969 మేలో పంచాది కృష్ణమూర్తి, అదే డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. పోలీసులు చంపిన ప్రతిసారీ సర్కారు చెప్పినది ఎన్‌కౌంటర్ అన్న ఒక్క మాటే. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరుగుతుంటే విశాఖ విద్యార్థుల పేరిట వచ్చిన కరపత్రం, రచయితలు ఎటువైపున్నారో తేల్చుకోమని అడిగింది. ఆ ఏడే జూలై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది. సాహిత్య చరిత్రగా ఈ కథ అందరికీ తెలుసు. కొండల మీద జరుగుతున్న చావులను ఏమని పిలవాలన్న ప్రశ్న కూడా ఆ సవాలులో ఉందని మాత్రం తక్కువ మంది గుర్తుపెట్టుకున్నారు.

పత్రికలు ఎన్‌కౌంటర్‌ను ‘ఎదురుకాల్పులు’ అని తెలుగు చేశాయి. ఈ తెలుగు మాట అసలు మాట కంటే ఎక్కువ చెబుతుంది. ఎదురు అంటే అవతలివాడూ కాల్చాడని. రెండు వైపులా తుపాకులు పేలాయన్నది పోలీసుల వాదన. విచారణ జరగకముందే ఆ వాదన పేరులోకి ఎక్కి కూర్చుంది. దాన్ని విడదీయడానికి హక్కుల సంఘాలు ‘బూటకపు’ అన్న విశేషణం తగిలించాయి. ఎమర్జెన్సీలో, 1975 జూలైలో గిరాయిపల్లిలో నలుగురు విద్యార్థులను చంపిన ఘటన మీద తార్కుండే కమిటీ పనిచేసింది, 1977లో జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. కమిషన్ పని నడిమధ్యలో ఆగిపోయింది. విశేషణం మాత్రం నిలిచింది. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పౌరహక్కుల నాయకులు దశాబ్దాల పాటు ఊళ్లు తిరిగి, శవాలు చూసి, నివేదికలు రాసి ఆ విశేషణానికి బలం తెచ్చారు.

తర్వాత జరిగినది నన్ను నిజంగా కలవరపెడుతుంది. విశేషణం అక్కర్లేకుండా పోయింది. ఇప్పుడు ఉత్త ఎన్‌కౌంటర్ అన్నా పోలీసులు పట్టుకుని చంపడమనే అందరికీ అర్థమవుతుంది. పౌరహక్కుల ఉద్యమం సాధించాలనుకున్నది ఇదే కదా, మాట ముసుగు తీసేయడం! ముసుగు పోయింది. దానితో పాటు సిగ్గు కూడా పోయింది. నామవాచకం కాస్తా క్రియ అయింది. ‘ఎన్‌కౌంటర్ జరిగింది’ పోయి ‘ఎన్‌కౌంటర్ చేశారు’ వచ్చింది. అక్కడి నుంచి ‘ఎన్‌కౌంటర్ చేసెయ్యాలి’ దాకా వచ్చింది. గాజువాకలో టీ కొట్టు దగ్గర నిలబడితే, పేపర్లో ఏ అఘాయిత్యం వార్త వచ్చినా ‘ఇలాటోళ్లని ఎన్‌కౌంటర్ సేసీయాల’ అనే మాట వినబడుతుంది. అనేవాడు క్రూరుడు కాదు, ఆడపిల్లలున్న తండ్రి. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చినది ఇది: చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయి. ఆ నివేదిక వచ్చిన రోజున పూలు చల్లినవాళ్లకు ఆశ్చర్యం కలగలేదు. వాళ్లకు ఆ మాట అర్థం ముందే తెలుసు.

ఈ మాట ఎంత దూరం పాకిందో శేషాచలం చెబుతుంది. 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం కూలీలు 20 మంది చనిపోతే దానికీ ఇదే పేరు. వాళ్లు విప్లవకారులు కారు. కూలికి గొడ్డలి పట్టిన తమిళ పల్లెల మనుషులు. రాజకీయ పోరాటాల సందర్భంలో కుదురుకున్న మాట, ఎవరినైనా కోర్టుకు తేకుండా ముగించడానికి పనికొచ్చే మాటగా విస్తరించింది.

కోర్టులు ఈ విషయంలో భాష కంటే నిక్కచ్చిగా మాట్లాడిన సందర్భాలున్నాయి. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక మాట చెప్పింది. ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. ఆత్మరక్షణ కోసం కాల్చామన్నది పోలీసులు తమకు తామే ఇచ్చుకునే తీర్పు కాదు, విచారణలో రుజువు కావలసిన వాదన. అంటే ముందు నరహత్యగా చూడండి, సమర్థన తర్వాత వినండి అని. సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. 2014లో మహారాష్ట్ర కేసులో తనే 16 మార్గదర్శకాలు పెట్టింది. న్యాయ పండితులు ఈ రెండింటి మధ్య తేడాలు చాలా చెబుతారు. నాకు కావలసింది 2009 నాటి సూత్రం. చంపడం జరిగింది, చంపినవాళ్లున్నారు. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

అడవిలో రెండోవైపు భాష కూడా ఇంతే జాగ్రత్తగా చదవాలి. ఆ వైపు ఖతం, శిక్ష, ప్రజాకోర్టు తీర్పు, యాక్షన్. ‘ప్రజాద్రోహి’ అన్న ముద్ర పడ్డాక చంపడం వధ మెట్టు ఎక్కేస్తుంది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు దారి కాచి ఆపి కాల్చి చంపారు. విశాఖ మన్యంలో గిరిజన ప్రజాప్రతినిధుల హత్య అది. రాజకీయ హత్య అన్న మాటకు అంతకంటే తిన్నగా సరిపోయే ఘటన మన దగ్గర తక్కువ. దాన్ని శిక్ష అనడం, కొయ్యూరు కాల్పులను తప్పించుకోబోతుంటే కాల్చాం అనడం ఒకే జాతి మాటలు. పెద్దవాళ్ల పేర్లు కనీసం చరిత్రకు ఎక్కుతాయి. పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి ‘ఇన్‌ఫార్మర్ నెపంతో గిరిజనుడి హత్య’ అని నాలుగు లైన్ల వార్తలు వచ్చాయి. పేరు తెలియని ఏ విలేకరి మొదట రాశాడో గానీ, ఆ ‘నెపం’ అన్న మాటకు నేను చెయ్యెత్తి మొక్కుతాను. చంపినవాళ్లు చెప్పిన కారణాన్ని పాఠకుడికి చేరవేస్తూనే, అది కారణం కాదు సాకు అని చెప్పేసింది. తెలుగు పత్రికా భాష ఈ రంగంలో చేసిన మంచి పనుల్లో అదొకటి.

అదే పత్రికా భాష శీర్షికల దగ్గర తడబడుతుంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దునే తీసుకోండి. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద మావోయిస్టులు దాడిచేస్తే గ్రేహౌండ్స్ సిబ్బందితో సహా 38 మంది చనిపోయారు. వాళ్లది వీరమరణం. 2016 అక్టోబరు 24న అదే మల్కనగిరి జిల్లా రామగుడ దగ్గర 24 మంది, తర్వాతి రోజుల్లో ఇంకొందరు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. వాళ్లది హతం. ఒకే కొండల వరస, ఒకే నీళ్లు. ఉద్యోగం చేస్తూ చనిపోయినవారి పట్ల గౌరవం ఉండాల్సిందే, దాన్ని నేను ప్రశ్నించడం లేదు. కానీ ‘హతం’ అన్న మాటలో చంపినవాడు లేడు. వేటలో పడ్డ జంతువుకు వాడినట్టు వాడతాం. తల్లి వచ్చి శవం అడిగే మనిషికి అది తగిన మాట కాదు. ఇంకో విచిత్రం చూడండి. అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినం. జూలై 28 నుంచి ఆగస్టు 3 దాకా మావోయిస్టుల అమరవీరుల వారం. మన్యం గిరిజనుడికి రెండూ కూంబింగ్, తనిఖీ, భయం నిండిన రోజులే. ఇద్దరి స్తూపాల మీదా అమరులే. అతని ఊళ్లో ఇద్దరి మధ్యా నలిగి చనిపోయినవాడికి మాత్రం ఏ స్తూపం మీదా ఏ మాటా లేదు.

కొండ దిగి ఊళ్లోకి వస్తే ఉక్కు. 1966 అక్టోబరులో తమనంపల్లి అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ విశాఖకే ఇవ్వాలని రాష్ట్రం రగిలింది. నవంబరు 1న, రాష్ట్ర అవతరణ దినం నాడే, విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రంలో మిగతా చోట్ల జరిగినవీ కలిపితే చనిపోయినవారు 32 మంది. ఆ తర్వాత 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఈ కథను మనం చెప్పుకునే తీరు ఒకటి స్థిరపడిపోయింది: ‘32 మంది ప్రాణత్యాగంతో వచ్చిన ఫ్యాక్టరీ’. 2021 జనవరి 27న ఆ ఫ్యాక్టరీ నుంచి నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం ఆమోదం తెలిపాక కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో ఈ మాట ప్రతిరోజూ మోగింది. మోగాల్సిందే. ఆ 32 మంది పేరు చెప్పి ఆ ఫ్యాక్టరీని కాపాడుకోవడం న్యాయమైన పని.

కానీ ఆ వాక్యాన్ని ఒక్కసారి నిదానంగా చదవండి. త్యాగం అంటే తనంతట తాను వదులుకోవడం. ఆ రోజు రోడ్డు మీదికి వచ్చినవాళ్లు, అందులో విద్యార్థులు, పిల్లలు కూడా, ప్రాణాలు వదులుకుందామని రాలేదు. నినాదం ఇచ్చి సాయంత్రానికి ఇంటికి పోదామని వచ్చారు. తుపాకి పేలింది గనక పోలేదు. ‘పోలీసులు కాల్చి చంపిన 32 మంది’ అనే వాక్యం ‘ప్రాణత్యాగం చేసిన 32 మంది’ అయినప్పుడు కాల్చినవాళ్లు, కాల్చమన్నవాళ్లు వాక్యంలోంచి బయటికి నడిచి వెళ్లిపోయారు. తర్వాత అన్ని పార్టీల నాయకులూ ఆ స్తూపాల దగ్గర దండలు వేయగలిగారంటే ఈ మాటే కారణం. కాల్పులు జరిగినప్పుడు కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ అధికారం కాంగ్రెస్‌ది, ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. ఈ సంగతి చెప్పకుండా ఆ 32 మంది గురించి గంట ఉపన్యాసం ఇవ్వొచ్చు. ఇస్తూనే ఉన్నారు. చనిపోయినవారిని ఎంత ఎత్తున కూర్చోబెడితే చంపినవారు అంత మరుగున పడతారు. అభిమానంతోనే జరిగిన ఈ విస్తరణ మీద నాకున్న అభ్యంతరం ఇది. స్తూపాల మీద అమరవీరులు అన్న మాట ఉండనివ్వండి. కింద ఒక లైను, ఎవరి తుపాకి గుండు వల్ల చనిపోయారో, చెక్కించండి.

హత్యాయత్నం అన్న మాట సాగిన తీరు ఇంకోలా ఉంది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కారు లక్ష్యంగా క్లెమోర్ మైన్లు పేలాయి. 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్‌రెడ్డి భుజం మీద కోడిపందేల కత్తితో దాడి జరిగింది. 2024 ఏప్రిల్‌లో విజయవాడలో, ముఖ్యమంత్రిగా ఆయన ప్రచారంలో ఉండగా, రాయి తగిలింది. మూడింటికీ హత్యాయత్నమే పేరు. విశాఖ ఘటనలో ఒక పార్టీ దాన్ని పెద్ద కుట్ర అంది, ఇంకో పార్టీ సానుభూతి నాటకమంది. ‘కోడికత్తి’ అన్న మాట ఒక్కటే ఎన్నికల సభల్లో ఎగతాళిగా మారి, ఒక మనిషికి గాయమైన సంగతిని మరిపించింది. ఆ కేసు ఎన్ఐఏకు వెళ్లింది. నిందితుడు అయిదేళ్లు దాటాక 2024 ఫిబ్రవరిలో బెయిలు మీద బయటికి వచ్చాడు. అన్నేళ్లూ విచారణ ముగియలేదు. మాటకు ఉండాల్సిన బరువు రెండు వైపులా తప్పింది. ఒకవైపు అంతటి ఆరోపణ, ఇంకోవైపు అంతటి నవ్వులాట, మధ్యలో తేలని నిజం.

ఎవరూ చావని చోట చావు మాటలు వాడటం మనకు పాతదే. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసినప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అయిందన్నారు. వెన్నుపోటు అంటే ఒకప్పుడు కత్తిపోటే. 1995లో ఎన్టీఆర్ పదవి పోయిన తర్వాత అది పార్టీ మార్పిడికి, పదవి లాక్కోవడానికి పర్యాయపదం. భూస్థాపితం చేస్తాం, రాజకీయ సమాధి కడతాం. ఇవి సభల భాష, వీటి మీద పెద్దగా పోట్లాడను. వినేవాడికి తెలుసు, ఎవరూ గొయ్యి తవ్వడం లేదని. ఒక్కటే చెబుతాను. రోజూ ఖూనీ ఖూనీ అని అరిచే ఊళ్లో నిజం ఖూనీ జరిగిన రోజున అరవడానికి వేరే మాట మిగలదు.

సభల మాట ఇంతవరకే. ఆత్మహత్యలను, ప్రమాదాలను హత్యలనడం దీనికి భిన్నం, దాన్ని నేను సమర్థిస్తాను. రైతుల ఆత్మహత్యలను ప్రభుత్వ హత్యలన్నారు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణాన్ని సంస్థాగత హత్య అన్నారు. మాట అతిగా ఉందని విమర్శకులు అన్నారు. చట్టం దృష్టిలో అది హత్య కాదు, నిజమే. కానీ ఈ విస్తరణ ఎన్‌కౌంటర్‌కు పూర్తిగా ఎదురు దిశలో జరిగింది. అక్కడ చేసినవాడు మాయమయ్యాడు. ఇక్కడ, చేసినవాళ్లు ఎవరూ లేరని అందరూ నమ్మే చోట, ఒక ఉత్తర్వు, ఒక సంతకం, ఆపేసిన ఫెలోషిప్ డబ్బు కనబడ్డాయి. బాధ్యత వెతకడానికి సాగిన మాట అది. సాగినందుకు బలహీనపడలేదు.

విశాఖలో ఈ చర్చ 2020 మే 7న వచ్చింది. తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీద, కాలవ గట్ల మీద పడిపోయారు. వార్తల్లో ‘గ్యాస్ లీకైంది’, ‘ప్రమాదం’. నిరసనల్లో ‘ఇవి హత్యలే’. నేను ఈ రెండింటిలో దేన్నీ పూర్తిగా ఒప్పుకోను. చంపాలన్న ఉద్దేశం ఉందని చూపించలేనప్పుడు హత్య అంటే, రేపు కోర్టులో ఆ మాట నిలవదు, దానితో పాటు కోపమూ వీగిపోతుంది. ప్రమాదం అంటే అసలు ఎవరూ ఏమీ చేయనట్టు. పోలీసులు పెట్టిన సెక్షన్లలో ఐపీసీ 304లోని రెండో భాగం ఉంది. ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పనికి అది వర్తిస్తుంది. చట్టం భాషలో అది హత్య కాని నేరపూరిత నరహత్య. ఆ నోరు తిరగని మాట నినాదం కాదు, శీర్షికా కాదు, అందుకే ఎవరూ వాడలేదు. కానీ జరిగినదానికి దగ్గరగా ఉన్నది అదే. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ అదే ఏడు జూలైలో ఇచ్చిన నివేదికలో యాజమాన్యం నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపింది. లాక్‌డౌన్‌లో వాడకుండా ఉన్న ట్యాంకులో ఉష్ణోగ్రత పెరుగుతున్నా పట్టించుకోలేదు, స్టైరీన్ గడ్డకట్టే చర్యను ఆపే రసాయనం చాలినంత లేదు, ఊరిని లేపాల్సిన సైరన్ మోగలేదు. లాక్‌డౌన్‌లో ఆ ట్యాంకు బాగోగులు చూడాల్సిన ఉద్యోగులున్నారు, సైరన్ మీట నొక్కాల్సిన మనుషులున్నారు, వాళ్ల పైన సంతకాలు చేసే అధికారులున్నారు, ఆ ఫ్యాక్టరీని తనిఖీ చేయాల్సిన ప్రభుత్వ శాఖలున్నాయి.